గోరు కింద కొర్రగింజ

గుర్రం పేగుల్ని వేణ్ణీళ్ళతో కడిగిన కోడలు మా లోయలో ఇంతవరకూ పుట్టలేదు. వేడి తగిలితే పేగుకి అంటుకున్న కొవ్వంతా కరిగి వాగుపాలవుతుందని ఒక కారణం చెబుతారు. నీళ్ళు కాచడానికి తగలేసే పిడకలు అత్తగారివి అన్నది రెండో కారణం. దాన్ని ఎవరూ చెప్పరు. అందుకని నవంబరు నెలలో, వాగు అంచుల్లో మంచు అద్దంలా కట్టిన పొద్దున, కాల్‌బూబూ ఇంటి కోడళ్ళు ఐదుగురూ తలా ఒక బేసిన్ మోసుకుంటూ గట్టు దిగారు. పేగుల్లోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. మామగారు పోయి ఏడాది నిండింది. మర్నాడే సంవత్సరీకం, దానికే గుర్రాన్ని కోశారు. కడిగిన పేగుల్లో ఉప్పు పట్టించిన మాంసం కూరి, ఉడికించి విందులో పెడతారు.

నలుగురూ కోటు చేతులు పైకి మడిచి, ఒక్కసారి దేవుణ్ణి తలుచుకుని చేతులు నీళ్ళలో ముంచారు. అందరికన్నా పెద్దకోడలు కనిషాయ్ మాత్రం తన బేసిన్ ఒడ్డున దింపి, చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడింది.

"నేను ముట్టుకోను," అంది.

నీళ్ళ చప్పుడులో వినపడలేదనుకుని చిన్న తోడికోడలు మీరిమ్ తలెత్తింది. "ఏంటక్కా?"

"ఇవి నేను కడగను. పిండి కలుపుతాను, రొట్టెలు నూనెలో దేవుతాను, పక్కటెముకలకి ఉప్పు పట్టిస్తాను, నలభైమందికి టీ పోస్తాను. చన్నీళ్ళలో మాత్రం చెయ్యి పెట్టను. నా వేలు నొప్పి."

"ఆ వేలొక్కటీ పైకెత్తి, మిగతా తొమ్మిదింటితో కానిచ్చెయ్యరాదూ," అంది మీరిమ్. మిగతా ముగ్గురూ నవ్వారు. అందులో చెడ్డతనమేమీ లేదు. చేతులు మొద్దుబారుతున్నప్పుడు మనిషికి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి.

కుడిచేతి మధ్యవేలు అది. ఆరేళ్ళ కిందట గోరు కింద మొదలైంది. పైకి ఏమీ లేదు, వాపు లేదు, చీము లేదు. వెలుతురులో పెట్టి చూస్తే గోరు అడుగున కాస్త నీలం చాయ ఉందేమో అనిపిస్తుంది, అంతే. కానీ చలిగాలి సోకినా, తలుపు గడియ తగిలినా, అక్కడెవరో సూది గుచ్చి మెలితిప్పినట్టయి నొప్పి మోచేతి దాకా పాకేది. కనిషాయ్ ఉన్ని తివాచీలు కుడుతుంది. రెండు రంగుల దళసరి ఉన్నిని ఒకే గీతమీద కోసి, ఒకదాని పూలు మరోదానిలో పొదిగి, మూడు పొరల్లోంచి సూది దింపాలి. అది మధ్యవేలితో తోసే పని. ఆరేళ్ళుగా ఆమె అరచేతికి తోలుముక్క కట్టుకుని దాంతోనే సూదిని తోస్తోంది. కుట్టు వంకర పోకుండా అలా కుట్టడం నేర్చుకోవడానికి రెండు చలికాలాలు పట్టింది. నొప్పిని నటించేవాళ్ళు అంత కష్టపడరని ఎవరికీ తోచలేదు.

పట్నం ఆస్పత్రిలో మొదటి డాక్టరు మెడలో ఉప్పు పేరుకుందన్నాడు. రెండో ఆయన చల్లగాలి తగిలిందన్నాడు. మా వైపు చల్లగాలి చెయ్యని నేరం లేదు, నడుం నొప్పి నించి విడాకుల దాకా దాని ఖాతాలోనే పడతాయి. మూడో ఆయన ఎక్స్‌రే పైకెత్తి చూసి, ఎముక శుభ్రంగా ఉందనీ, నరాల బలహీనత అనీ, నిద్రమాత్రలు రాసిచ్చాడు. మాత్రలకి కనిషాయ్ బాగానే నిద్రపోయింది. వేలినొప్పి పోలేదు.

గట్టు మీదకి బాత్మా వచ్చింది. పోయిన మామగారి చెల్లెలు, ఆ ఇంట్లో పుట్టిన పిల్ల. అంటే అరవై రెండేళ్ళొచ్చినా ఇంకా ఆ ఇంటిమీద హక్కున్న మనిషి. విషయం విని బేసిన్‌ వంకా, జేబుల వంకా చూసింది.

"మా అన్న కోసం ఈ గుర్రం ప్రాణమే ఇచ్చింది. నువ్వు వేలు కూడా ఇవ్వలేవుటే?"

"గుర్రాన్ని అడిగి తీసుకున్నారా చిన్నత్తా?" అంది కనిషాయ్.

ఈ మాట ఆమె వాగు దాటేలోపే ఊరు దాటింది.

ఇంట్లో అత్తగారు కాల్‌బూబూ గుమ్మానికి ఎదురుగా పెద్దల చోట కూర్చుని ఉంది. ఎప్పటిలాగే కుడికాలు ముందుకి చాపి, పిక్క కింద దిండు పెట్టుకుని. ఎంత పెద్దమనిషి వచ్చినా ఆవిడ ఆ కాలు ముడవదు. దాన్ని పొగరనే అందరూ అనుకుంటారు, ఆవిడా కాదనలేదు. కనిషాయ్ వచ్చి పిండి పళ్ళెం ముందు కూర్చుంటే, కాల్‌బూబూ ఆమె వేలి వంక ఒకసారి చూసి, "పేగులు కొట్టుకుపోకుండా జాగ్రత్తగానే కడిగారట," అంది. "నా పరువొక్కటే పోయింది నీళ్ళలో."

"వాగులో కిందివైపు మీరిమ్ ఉంది. పట్టుకునే ఉంటుంది," అంటూ కనిషాయ్ పిండి పిసికింది, మధ్యవేలు పైకెత్తి, తొమ్మిదింటితో.

సంవత్సరీకం నాడు మగవాళ్ళు గుడారంలోనూ, ఆడవాళ్ళు ఇంట్లోనూ కూర్చున్నారు. కనిషాయ్ టీ నీళ్ళు కాగే సమోవారు పక్కన చేరింది. మోకాళ్ళ దగ్గర ఇరవై గిన్నెలు. ఒక్కొక్క గిన్నెలో అడుగున రెండు గుక్కలు మాత్రమే పోసి అందించాలి. గిన్నె మళ్ళీ నా దగ్గరికి రావాలి, మళ్ళీ నీకు పోసే ఓపిక నాకుంది అని దాని అర్థం. అంచుదాకా పోసి ఇచ్చామా, తాగేసి దయచెయ్యమన్నట్టు. పెళ్ళికూతురుగా వచ్చిన మొదటివారం నేర్పే పాఠమిది, మూడేళ్ళ పిల్లని అడిగినా చెబుతుంది.

ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే జుమాగుల్ కూడా వచ్చింది. ఎక్కడ విందు జరిగినా ఆవిడ బీపీ యంత్రం సంచీలో వేసుకునే వస్తుంది. తేకపోతే ముసలమ్మలు మాంసం ముట్టరు. చూశాక, ఎంత చెప్పినా మానరు. వరసగా ఒక్కొక్కరి చేతికీ పట్టీ చుట్టి గాలికొడుతోంది.

"జుమాగుల్, మా పెద్దకోడలి వేలికి కూడా చుట్టి చూడు," అంది బాత్మా అందరికీ వినపడేలా. "ఆరేళ్ళ నించీ గోరు కింద దయ్యం కాపురం ఉంటోంది. చిత్రమేంటంటే పేగుల రోజునే నిద్ర లేస్తుంది, తినేటప్పుడు పడుకుంటుంది."

గది పగలబడి నవ్వింది. కాల్‌బూబూ నవ్వలేదు, ఆపలేదు కూడా.

కనిషాయ్ బాత్మా గిన్నె తీసుకుంది. పాలు పోసింది, టీ పోసింది. రెండు గుక్కల దగ్గర ఆగలేదు. సగానికొచ్చింది, ముప్పావుకొచ్చింది. పక్కనున్న ముసలమ్మ "అయ్యో" అనబోయి మింగేసింది. టీ అంచుకి చేరి, అంచుకన్నా వెంట్రుకవాసి పైకి ఉబికి నిలబడింది. ఒక్క చుక్క ఒలకకుండా దాన్ని కుడిచేత్తో ఎత్తి, ఎడమచెయ్యి గుండెకి ఆనించి, మర్యాదగా బాత్మా ముందు పెట్టింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. బాత్మా గిన్నెని చూసింది, వదిన కాల్‌బూబూని చూసింది. కాల్‌బూబూ దిండు సర్దుకుంటూ ఉండిపోయింది. గిన్నె ముట్టకుండానే బాత్మా లేచి శాలువా కప్పుకుంది.

కనిషాయ్ వసారాలోకి వచ్చేసింది. అంతదాకా వెచ్చటి గిన్నె పట్టుకున్న వేలు, చలిలోకి రాగానే భగ్గుమంది. జుమాగుల్ వెనకాలే వచ్చింది.

"తిట్టడానికా అక్కా?" అంది కనిషాయ్.

"తిట్టేవాళ్ళు లోపల చాలామందే ఉన్నారు. వేలు చూపించు."

కనిషాయ్ కోటు మడతలో ఎప్పుడూ ఉండే సూదిని తీసి ఆవిడ చేతికిచ్చింది. "నేను కళ్ళు మూసుకుంటాను. మొన వద్దు, సూది బెజ్జం ఉన్న మొండివైపుతో గోరు మీద మీకిష్టమైన చోటల్లా నొక్కండి. నేను అన్నచోట చుక్క పెట్టండి. తర్వాత మళ్ళీ నొక్కండి. అబద్ధమైతే చుక్క మారాలి కదా."

"ఎవరు నేర్పారు నీకిది?"

"ఆరేళ్ళుగా దీంతోనే కాపురం. దాని ఇల్లెక్కడో నాకు తెలీదా?"

జుమాగుల్ గోరు ఎడమ వార నించి మొదలెట్టింది. ఏమీ లేదు. కొస దగ్గర, ఏమీ లేదు. మొదలుకి కాస్త పైన నొక్కేసరికి కనిషాయ్ రెండో చెయ్యి వసారా స్తంభాన్ని పట్టేసుకుంది. జుమాగుల్ అక్కడ కలంతో చుక్క పెట్టింది. రెండోసారి, మూడోసారి, వరస మార్చి, మోసం చేసి, మధ్యలో కబుర్లు పెట్టి నొక్కింది. మూడుసార్లూ అదే చుక్క. చుక్కకి వడ్లగింజంత దూరంలో నొక్కితే కనిషాయ్ ముఖం మామూలుగానే ఉంది.

జుమాగుల్‌కి, ఎప్పుడో శిక్షణలో ఉండగా ఒక ముసలి సర్జన్ చేసి చూపించింది గుర్తొచ్చింది. కనిషాయ్ చేతిని పైకెత్తించి, మణికట్టు నించి కిందికి నిమిరి, మోచేతికి పైన బీపీ పట్టీ చుట్టి, ముసలమ్మలకి కొట్టేదానికన్నా చాలా ఎక్కువ గాలికొట్టింది. చెయ్యి పాలిపోయింది. ఆ తర్వాత సూదితో చుక్క మీద నొక్కింది.

కనిషాయ్ కళ్ళు తెరిచింది. "నొక్కండి."

"నొక్కుతూనే ఉన్నాను."

కనిషాయ్ వంగి చూసింది. సూది చుక్కమీదే ఉంది. ఆరేళ్ళలో మొదటిసారి అక్కడ ఏమీ లేదు. ఊరికే వేలుంది. "మళ్ళీ నొక్కండి," అంది. "ఇంకోసారి." జుమాగుల్ గాలి వదిలేసింది. రక్తం చేతిలోకి దిగగానే కనిషాయ్ పళ్ళు బిగించింది.

"వచ్చిందా?"

"వచ్చింది. పుట్టింటికెళ్ళి వచ్చినదానిలా, రెట్టింపు హుషారుగా."

"ఉప్పూ కాదు, గాలీ కాదు, దయ్యమూ కాదు," అంది జుమాగుల్ పట్టీ చుట్టేస్తూ. "వేలి కొసలో చలికీ వేడికీ రక్తాన్ని సర్దే చిన్న ముడులుంటాయి. వాటిలో ఒకటి గడ్డ కట్టింది. కాన్సర్ కాదు. పెద్దగా పెరగదు, చంపదు. బతకనివ్వదు, అంతే. కోసి తీసేస్తే పోతుంది. రాజధానిలో త్సోయ్ అని చేతుల సర్జన్ ఉన్నాడు, ఫోను చేస్తాను."

ఆ సాయంత్రం గుడారం విప్పుతుండగా కనిషాయ్ భర్త తలాయ్ తల్లి ముందు కూర్చుని విషయం చెప్పాడు. పెళ్ళాం పక్షమో తల్లి పక్షమో తేల్చుకోవలసి వచ్చినప్పుడల్లా అతనికి కారు ఇంజన్లో ఏదో చప్పుడు వినపడుతుంది. ఆ రోజు మాత్రం లేచి వెళ్ళలేదు. "ఎల్లుండి తీసుకెళ్తానమ్మా," అన్నాడు, కారు తాళాలు చేతిలో తిప్పుతూ.

కాల్‌బూబూ కోడలి వంక చూసింది. "నేనూ వస్తాను. నా కళ్ళతో చూస్తాను. గోరు కింద ఏమీ లేకపోతే, జనవరిలో ఇంకో గుర్రాన్ని కోసినప్పుడు బాత్మాని ఒడ్డున కూర్చోబెట్టి, ఈ ఇంటి పేగులన్నీ నువ్వొక్కదానివే కడగాలి."

"ఉంటే?" అంది కనిషాయ్.

కోడలు ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ ఆలోచించి పెట్టలేదు.

కారు వెనక సీటంతా కాల్‌బూబూ కాలే ఆక్రమించింది. కనిషాయ్ ఒక మూలకి ఒదిగింది. కనుమ మీద గాలి తలుపు సందుల్లోంచి కోస్తోంది. కనిషాయ్ వేలిని చంకలో దాచుకుంది. ఒకసారి పక్కకి చూస్తే, కాల్‌బూబూ చెయ్యి మెల్లగా కిందికి దిగి, గొర్రెతోలు లాగి పిక్క చుట్టూ కప్పి, అక్కడే ఉండిపోయింది. ముసలావిడకి చలి కాబోలు అనుకుంది కనిషాయ్.

డాక్టర్ త్సోయ్ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఎక్కువ మాట్లాడని మనిషి. మూడే అడిగాడు. చలికి నొప్పా? ఒక్క చోటేనా? ముట్టుకుంటే ప్రాణం పోతుందా? మూడింటికీ అవునంది. జుమాగుల్ పెట్టిన చుక్క ఇంకా చెరగలేదు. స్కానింగ్ యంత్రంలో చూస్తే సరిగ్గా దాని కిందే మూడు మిల్లీమీటర్ల మచ్చ. ఆయన దాన్ని తెరమీద చూపిస్తూ, "ఆరేళ్ళా?" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్కమాటకి కనిషాయ్‌కి ఎందుకో కుర్చీలో వెనక్కి ఆనుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున వేలి మొదట్లో మత్తుమందు ఎక్కించి, రక్తం రాకుండా రబ్బరు పట్టీ బిగించి, గోరుని పుస్తకం అట్టలా ఒక పక్కకి తెరిచాడు. తల తిప్పుకోమన్నాడు. తిప్పుకోనంది. గోరు కింద పొర మీద చిన్న గాటు పెట్టగానే లోపల్నించి గులాబీ, నీలం కలిసిన గింజ తొంగిచూసింది. సన్నటి పనిముట్టుతో చుట్టూ విడదీస్తే తొడిమతో సహా బయటికొచ్చింది. కొర్రగింజంత ఉంది. దానికా ఇంత ఆర్భాటం అని కనిషాయ్‌కే చిన్నతనమేసింది. డాక్టరు వెంట్రుకకన్నా సన్నటి దారంతో పొరని కలిపి కుట్టడం మొదలెట్టాడు.

"కుట్లు దూరంగా పడుతున్నాయి," అంది కనిషాయ్.

"దగ్గరగా వేస్తే చిరుగుతుందమ్మా."

"మెత్త ఉన్నీ అంతే. సూది ఇంకాస్త నిలువుగా దింపండి."

ఆయన తర్వాతి కుట్టు నిలువుగానే దింపాడు.

బయట వరండాలో కాల్‌బూబూకి ఆయన చిన్న సీసా చూపించాడు. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. "ఇదేనా?" అంది.

"ఇదే. చిన్నదని నవ్వకండి. మనిషి వేలు నరికెయ్యమని అడిగేంత నొప్పి పెడుతుంది. వీటికి చుట్టాలు ఒంట్లో చాలాచోట్ల ఉంటాయి. ముంజేతుల మీద ముట్టుకుంటే భగ్గుమనే కొవ్వుగడ్డలు, నరం మీద పుట్టి తడితే వేళ్ళ చివరిదాకా జిల్లుమనిపించేవి. ఆడవాళ్ళకి పిక్కల మీద బఠాణీగింజంతవి, చలికి నొప్పి. ఏవీ చంపవు. అందుకే ఎవరూ నమ్మరు. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఓర్చుకుని వస్తారు. కొందరు అసలు రానేరారు."

కాల్‌బూబూ సీసా తిరిగి ఇవ్వడం మర్చిపోయింది.

మధ్యాహ్నం వాళ్ళు దిగిన చుట్టాలింట్లో, తలాయ్ రొట్టెల కోసం బజారుకెళ్ళాక, కాల్‌బూబూ తలుపు దగ్గరికి వేసింది. "ఆ సూది ఉందా?"

కనిషాయ్ ఎడమచేత్తో కోటు మడత తడిమింది. ఉంది.

కాల్‌బూబూ మంచం మీద కూర్చుని, ఉన్ని మేజోడు కిందికి లాగింది. కోడలిగా వచ్చిన పదిహేడేళ్ళలో కనిషాయ్ అత్తగారి పిక్క చూడ్డం ఇదే మొదలు. పక్కవైపు, చర్మం కింద, బఠాణీగింజంత ఉబ్బు. "నొక్కు," అంది కాల్‌బూబూ, గోడవైపు తిరిగి. "నేను కళ్ళు మూసుకుంటాను."

సూది మొండివైపు తగలగానే, ఐదుగురు పిల్లల్ని కన్నప్పుడు కిక్కురుమనలేదని పేరున్న మనిషి నోట్లోంచి కుక్కపిల్ల మూలిగినట్టు ఒక చప్పుడొచ్చింది. కనిషాయ్ చెయ్యి తీసేసింది. తర్వాత మళ్ళీ నొక్కింది. రెండోసారి నొక్కడం అవసరం లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఎన్నాళ్ళుగా?"

"తలాయ్ కడుపులో ఉన్నప్పటినించి."

తలాయ్‌కి నలభై ఒకటి.

"దీంతోనే వాగులో దిగేవారా?"

"మోకాలిలోతు నీళ్ళలో. ఇరవై నాలుగు చలికాలాలు, నువ్వు వచ్చేదాకా. మా అత్తతో ఒకసారి చెప్పాను. కోడళ్ళకి నొప్పులుండవు, సాకులుంటాయంది. రెండోసారి చెప్పలేదు."

"నొప్పి తెలిసుండీ నాది నటన అన్నారు." కనిషాయ్ గొంతు పెంచలేదు. "బాత్మా అనడం వేరు. ఆవిడకి తెలీదు. మీకు తెలుసు."

కాల్‌బూబూ మేజోడు పైకి లాక్కుంది. చాలాసేపు దాని అంచు సర్దింది. "తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది. గట్టుమీద నిలబడి, 'నేను ముట్టుకోను' అన్నావట. రెండు మాటలు. నాకు నలభై ఒక్కేళ్ళలో ఆ రెండు మాటలు దొరకలేదే."

కనిషాయ్ లేచి, కట్టుకట్టిన చెయ్యి అడ్డం రాకుండా అత్తగారి బూట్లు ముందుకి జరిపి, "పదండి, డాక్టరు నాలుగింటిదాకా ఉంటాడు," అంది.

త్సోయ్ పిక్క మీద వేలు పెట్టి చూసి, వచ్చే గురువారం రమ్మన్నాడు. నలభై ఒకటి అనగానే తల పైకెత్తి కాల్‌బూబూని ఒకసారి తేరిపార చూశాడు. ఆవిడ ఆయన్ని తిరిగి అలాగే చూసింది.

వాళ్ళు ఊరికి చేరిన మర్నాడే బాత్మా దిగింది. నిండు గిన్నె అవమానం కన్నా, సీసాలో ఏముందో తెలియకపోవడం ఎక్కువ బాధ పెట్టినట్టుంది. కాల్‌బూబూ ఎప్పటి చోటే కాలు చాపుకుని కూర్చుంది. కట్టు కట్టిన వేలితో కనిషాయ్ గోడ పక్కన ఉంది. సమోవారు దగ్గర కూర్చోవలసినవాళ్ళు లేక తలాయ్ అటూ ఇటూ చూస్తున్నాడు.

బాత్మా సీసాని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఈ గింజ కోసమా మా అన్న సంవత్సరీకంలో అంత రగడ? కోడికి వేస్తే వెతుక్కోవాలి." సీసా కింద పెట్టింది. "వదినా, నీకూ కాలికి ఏదో కోస్తారటగా? కోడలి జబ్బు అత్తకి అంటుకోవడం ఇప్పుడే వింటున్నాను. మా అన్న ఉండుంటే—"

"సమోవారు ఇటు జరుపు," అంది కాల్‌బూబూ కొడుకుతో.

తలాయ్ జరిపాడు. ఇంట్లో కోడళ్ళు అడుగుపెట్టినప్పటి నించీ కాల్‌బూబూ టీ పోసింది లేదు. చేతిగుడ్డతో గిన్నె తుడిచింది, పాలు పోసింది, టీ పోసింది. రెండు గుక్కలయ్యాయి. బాత్మా చెయ్యి చాపింది. కాల్‌బూబూ ఇంకా పోస్తూనే ఉంది.

"మీ అన్నకి తెలుసు బాత్మా. కొత్తలో ఒకసారి చూపించాను. నడిస్తే పోతుందన్నాడు. నడిచాను."

టీ అంచుకొచ్చింది, అంచుమీద ఉబికింది.

"తలాయ్, జనవరిలో పేగులు నువ్వూ నీ తమ్ముళ్ళూ కడగండి. మీ ఒంట్లో ఎక్కడా ఏమీ లేదుగా."

తలాయ్‌కి బయట ఇంజన్ చప్పుడు వినపడింది కాబోలు, సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

కాల్‌బూబూ రెండు చేతులా గిన్నెని ఆడబిడ్డ ముందుంచింది. "తాగు," అంది, ఎంతో మర్యాదగా.

అంచుదాటి ఉబికిన గిన్నెని ఒలకకుండా ఎత్తడం తేలికేం కాదు. బాత్మా ఎలా ఎత్తుతుందో చూద్దామని కనిషాయ్ గోడకి ఆనుకుని సర్దుకు కూర్చుంది. తలుపు తెరిచే ఉంది, చల్లగాలి తిన్నగా వచ్చి ఒళ్ళో ఉన్న ఆమె చేతికి తగులుతోంది. ఆమె దాన్ని జేబులో పెట్టుకోలేదు.